పసిబిడ్డల చేష్టలు – పెద్దలకు పాఠములు

చదువవలసిన భాగములు: యెహోషువ 4:1–7, మత్తయి 11:16–17, మార్కు 10:13–16.



పసిపిల్లలున్న యింట గరిటె వంటయింటిలో ఉండదు, ఉయ్యాలలో దొరకును. తండ్రి చెప్పులు గడపయొద్ద ఉండవు, బిడ్డ కాళ్లకుండును. ఇవి చూచి మనము నవ్వుదుము, ఒక్కొక్కప్పుడు విసుగుకొందుము. అయితే నిదానించి చూచినయెడల ఈ చేష్టలలో మనము నేర్చుకొనవలసినది చాల కలదు.

1. పడవేయుట, దాగుట

ఉయ్యాలలోని బిడ్డ గిలక్కాయను క్రింద పడవేయును. తల్లి తీసి యిచ్చును. మరల పడవేయును. ఇది మొండితనము కాదు. పడిన వస్తువు ఎటు పోవునో, ఎట్టి శబ్దము చేయునో, అమ్మ దానిని తిరిగి తెచ్చునో లేదో ఆ బిడ్డ పరీక్షించుచున్నది.

స్విట్జర్లాండు దేశస్థుడైన జీన్ పియాజే (1896–1980) అను పండితుడు తన ముగ్గురు బిడ్డలను ఇంటియొద్దనే కనిపెట్టి చూచి, వారి చేష్టలను వ్రాసి, 1936లో ఒక గ్రంథముగా ప్రచురించెను. గుడ్డ క్రింద దాచిన బొమ్మను బిడ్డ వెదకుట సుమారు ఎనిమిది నెలల ప్రాయమున ఆరంభమగునని ఆయన గమనించెను. దోబూచులాటలో అమ్మ ముఖము మరల కనబడగానే బిడ్డ ఎందుకంతగా నవ్వునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మరికొంత పెరిగిన బిడ్డ తన కన్నులు తానే మూసికొని, తానెవరికిని కనబడుట లేదనుకొనును. మనము నవ్వుదుము గాని, చెట్లమధ్య దాగిన ఆదాము చేసినదేమి? రహస్యమున తప్పు చేసి, దేవుడు చూడలేదనుకొను పెద్దలు చేయునదేమి?

2. ప్రశ్నించుట

మూడు నాలుగేండ్ల బిడ్డ నోట "ఎందుకు?" అను మాట ఎడతెగక వచ్చును. కోడి ఎందుకు ఈదదు? చందమామ మనవెంట ఎందుకు వచ్చుచున్నాడు? పని తొందరలో "నోరు మూయుము" అందుము.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తీసికొని రావలెనని ఆజ్ఞ కలిగెను. ఏలయనగా, ఆ రాళ్లేమిటని ముందు కాలమున పిల్లలు అడుగుదురు. పెద్దలు జవాబు చెప్పవలెను. పిల్లల ప్రశ్నను దేవుడు అల్లరిగా ఎంచలేదు; దానికొరకు ముందుగానే ఏర్పాటు చేసెను. జవాబు తెలియనప్పుడు "నాకు తెలియదు, ఇద్దరము కనుగొందము" అనుట సిగ్గు కాదు.

3. అనుకరించుట

ఆదివారము మధ్యాహ్నము పిల్లల ఆట చూడుడి. బోర్లించిన గంప ప్రసంగపీఠమగును. ఒకడు చేయెత్తి బోధించును, ఒకతె కొబ్బరిచిప్పతో కానుక పట్టును, మరియొకడు ఒక కన్ను తెరచి ప్రార్థించును. నిద్రపోవు పెద్దమనిషి వేషము వేయువాడును ఉండును! మన ప్రభువు సంతవీధులలోని పిల్లల ఆటలను గమనించెను. వారును పిల్లనగ్రోవి ఊదుచు, ప్రలాపించుచు, పెద్దల సంతోషమును దుఃఖమును ఆడుకొనిరి.

అమెరికాలో ఆల్బర్ట్ బండూరా మొదలగువారు 72 మంది చిన్నపిల్లలతో చేసిన పరిశోధనను 1961లో ప్రచురించిరి. వారిలో 24 మంది యెదుట పెద్దవారొకరు గాలి నింపిన బొమ్మను కొట్టి తిట్టిరి. తరువాత ఆ బొమ్మ దొరికినప్పుడు, అది చూచిన పిల్లలు చూడనివారికంటె చాల ఎక్కువగా ఆ దెబ్బలను, ఆ మాటలను అనుకరించిరి.

మన యిండ్లలో దీనికి పరిశోధన అక్కరలేదు. బిడ్డ బొమ్మను ఒడిలో పెట్టుకొని "తినవే, నా తల్లీ" అనినయెడల అది మన మాటయే. "నీవెందుకు పుట్టితివే" అనినయెడల అదియు మన మాటయే. త్రాగి తూలుచు వచ్చు తండ్రివలె బిడ్డ నడచి చూపినప్పుడు ఇరుగుపొరుగువారు నవ్వుదురు. ఆ బిడ్డ తల్లి మాత్రము నవ్వదు.

మంచియు ఈ మార్గముననే వచ్చును. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండెనని పౌలు వ్రాసెను. అవ్వ మోకరించుట చూచిన మనుమడు మొదట ఆటగా మోకరించును. ఆ ఆటను గద్దింపకుడి. పిల్లలను ఆటంకపరచిన శిష్యులమీద ప్రభువు కోపపడి, ఆ బిడ్డలను ఎత్తి కౌగిలించుకొనెను.

ఇంట ఆలోచించుటకు

1. ఈ వారము మన బిడ్డ అడిగిన ఏ ప్రశ్నను అణచివేసితిమి? దానికి నేడు జవాబు చెప్పగలమా?

2. మన బిడ్డ "అమ్మా నాన్నల ఆట" ఆడునప్పుడు మనవలె ఏమి పలుకుచున్నది?

3. ఆ ఆటలో మారవలసినది ఏదైన ఉన్నయెడల, మొదట మారవలసినవారెవరు?