బడి ఈడు బిడ్డకు ఇంటి తోడ్పాటు



బిడ్డను బడిలో వేసే ఏడు వచ్చిందంటే అక్షరాలు ఎన్ని వచ్చాయి, అంకెలు ఎందాకా వచ్చాయి అన్న ఆరాటం తల్లిదండ్రులకు సహజమే గాని, టీచరు చెప్పేది పూర్తయ్యేదాకా వినడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, మొదలుపెట్టిన పనిని ముగించడం, తోచనప్పుడు సాయం అడగడం అలవడకపోతే వచ్చిన అక్షరాలు సైతం తరగతిలో అక్కరకు రావు. విద్యా మనస్తత్వశాస్త్రం వీటిని అభ్యసనానికి తోడ్పడే సామాజిక నైపుణ్యాలని వ్యవహరిస్తుంది.

వీటికి మూలం స్వీయ నియంత్రణ, అంటే తోచిన మొదటి పనిని ఆపుకొని చేయవలసిన పనిని చేయగలగడం. దీనిని కొలవడానికి మెగన్ మెక్‌క్లెలాండ్ తదితర అమెరికన్ పరిశోధకులు వాడే ఒక పరీక్షలో తల ముట్టుకోమంటే కాలివేళ్లను, కాలివేళ్లు ముట్టుకోమంటే తలను పిల్లలు ముట్టుకోవాలి. మాట వినడం, నియమం గుర్తుంచుకోవడం, అలవాటుగా కదిలే చేతిని నిలుపుకోవడం అనే మూడు శక్తులకూ అందులో ఒకేసారి పని పడుతుంది. ఇలాంటి నియంత్రణకు ఆటలే మంచి సాధన: నియమానికి కట్టుబడడంలోనే ఆట ఆనందం ఉన్నందున పిల్లలు అక్కడ తమ కోరికను తామే అదుపు చేసుకుంటారని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933 నాటి ఉపన్యాసంలో వివరించాడు.

తెలుగు ఇళ్లలో ఈ సాధనకు వామనగుంటలు చాలు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలున్న పీట ముందు కూర్చున్న ఐదేళ్ల పిల్లవాడు చింతపిక్కలను గుంటకొకటి చొప్పున పంచుకుంటూ పోవాలి, అమ్మమ్మ వంతు నడుస్తున్నంతసేపూ చేయి చాచకుండా చూడాలి, తన గుంటలు ఖాళీ అయినా పీట తన్నకుండా మరో ఆటకు సిద్ధపడాలి. ఏడుస్తాడేమోనని పెద్దలు ప్రతిసారీ కావాలని ఓడిపోతే, ఓటమిని తట్టుకునే అభ్యాసం వాడికి దొరకదు.

ఆటల సంగతి అలా ఉంచితే, బిడ్డ చదువులో తల్లిదండ్రుల భాగస్వామ్యాన్ని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జాయిస్ ఎప్‌స్టీన్ పెంపకం, బడితో సంభాషణ, స్వచ్ఛంద సేవ, ఇంటి దగ్గర చదువు, నిర్ణయాల్లో పాలు, సమాజంతో సహకారం అని ఆరు విధాలుగా విభజించింది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులకు తక్కువ కాకుండా తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలని నిర్దేశించింది. ఆ కమిటీలో చోటు కొందరికే దక్కినా, ఇంటి దగ్గరి పాత్ర అందరిదీ. అయితే, బస్సు వేళ మించిపోతోందని బిడ్డకు బూట్లు పెద్దలే తొడిగి, హోంవర్కు తామే పూర్తిచేసి పంపడం తోడ్పాటు అనిపించుకోదు. పది నిమిషాలు ముందుగా లేపి, ఎడమ బూటు ఏదో వాడినే తేల్చుకోనివ్వడం తోడ్పాటు.

భయంతో నోరు మెదపని పిల్లలను చూసి బుద్ధిమంతులని మురిసిపోవడం కూడా పొరపాటే, ఎందుకంటే బెత్తానికి లొంగిన నిశ్శబ్దం బెత్తం పక్కకు వెళ్లగానే చెదిరిపోతుంది, కారణం తెలిసి పాటించిన నియమం పెద్దలు ఎదుట లేనప్పుడూ నిలుస్తుంది. కనుక టీచరును కలిసినప్పుడు తల్లిదండ్రులు మార్కుల కంటే ముందు, బిడ్డ వంతు కోసం ఆగుతున్నాడా, తెలియనిది అడుగుతున్నాడా, పక్కవాడికి రంగుపెన్సిలు ఇస్తున్నాడా అని విచారించి, లోటు కనిపించిన చోట ఇంటి అలవాట్లను సవరించుకోవడం మేలు.