ఓము, కిలో ఓము, మెగా ఓము – పాల కేంద్రంలో మీటరు చదివే పద్ధతి

సంఘ సభ్యులకు కొలతలు కొత్త కాదు. లీటరు పాలు కిలో తూగవని, సుమారు 1.03 కిలోలు తూగుతాయని మన పాల కేంద్రాలలో అందరికీ తెలుసు. లీటర్లను కిలోలుగా మార్చకుండా లెక్క వేస్తే ఎవరికో ఒకరికి నష్టం వస్తుంది. కరెంటు కొలతల్లోనూ అంతే. అయితే అక్కడ పోయేది డబ్బు కాదు, ప్రాణం.

ఎలక్ట్రీషియను వచ్చి బల్క్ కూలరు మోటారును పరీక్షించి, పుస్తకంలో "10" అని రాసి వెళ్ళాడనుకుందాం. ఏమిటా 10? మెగా ఓములైతే మోటారు బాగున్నట్టు. కిలో ఓములైతే దాన్ని వెంటనే ఆపాలి. అంకె ఒకటే, అర్థం మాత్రం పూర్తిగా తలకిందులు. అందుకే ఈ పాఠంలో నిరోధపు కొలతలను ఒకదాని నుంచి మరొకదానికి మార్చే పద్ధతిని వివరిస్తున్నాము.

1. నిరోధం అంటే ఏమిటి?

కరెంటు ప్రవాహానికి తీగ గాని, నేల గాని, ఒళ్ళు గాని కలిగించే అడ్డును నిరోధం అంటారు. సన్నని పొడవాటి గొట్టంలో నీరు తక్కువగా పారినట్టే, నిరోధం ఎక్కువైనచోట కరెంటు తక్కువగా పారుతుంది. 1 వోల్టు ఒత్తిడికి 1 ఆంపియరు కరెంటు పారితే ఆ నిరోధం 1 ఓము. ఈ సంబంధాన్ని 1827లో ప్రకటించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు గెయోర్గ్ సైమన్ ఓమ్ పేరే కొలతకు పెట్టారు. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

2. మార్చే పద్ధతి

గ్రాము, కిలో, టన్ను ఒకదానికొకటి వెయ్యి రెట్లు ఉన్నట్టే ఇక్కడ కూడా:

1000 మిల్లీ ఓములు = 1 ఓము
1000 ఓములు = 1 కిలో ఓము
1000 కిలో ఓములు = 1 మెగా ఓము (అంటే 10 లక్షల ఓములు)

పెద్ద కొలత నుంచి చిన్న కొలతకు దిగేటప్పుడు మెట్టుకు వెయ్యితో గుణించాలి. చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కేటప్పుడు వెయ్యితో భాగించాలి. ఉదాహరణకు, 0.5 మెగా ఓము = 500 కిలో ఓములు = 5 లక్షల ఓములు.

మీటరు మీద ఇంగ్లీషు అక్షరం "ఎం" చిన్నదిగా ఉంటే మిల్లీ, పెద్దదిగా ఉంటే మెగా. ఈ రెండింటికీ తేడా 100 కోట్ల రెట్లు. కనుక అంకె కన్నా ముందు అక్షరం చూడాలి.

3. మోటారు ఇన్సులేషన్ – అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది

మోటారు చుట్టకూ, దాని ఇనుప ఒంటికీ మధ్య కరెంటు దాటకూడదు. దీన్ని మెగ్గర్‌తో కొలుస్తారు. కనీసం 1 మెగా ఓము ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 230 వోల్టుల దగ్గర ఎంత కరెంటు కారుతుందో చూడండి:

10 మెగా ఓములైతే – 0.023 మిల్లీ ఆంపియరు
1 మెగా ఓము అయితే – 0.23 మిల్లీ ఆంపియరు
10 కిలో ఓములైతే – 23 మిల్లీ ఆంపియర్లు

మొదటిది మనిషికి తెలియనే తెలియదు. చివరిది చేతి కండరాలను బిగదీసి, పట్టుకున్నది వదలనివ్వకపోవచ్చు. పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, పోసేవారిలో చాలామంది వట్టికాళ్ళతో ఉంటారు. కాబట్టి ప్రమాదం మరింత ఎక్కువ.

మెగ్గర్ పరీక్షను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే, మెయిన్ ఆపిన తరువాతే చేయించాలి. మెగ్గర్ సాధారణంగా 500 వోల్టులు పంపుతుంది కనుక పాల పరీక్ష యంత్రాన్ని, ఎలక్ట్రానిక్ తూకాన్ని ముందుగా విడదీయాలి.

4. ఎర్తు – అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కారిన కరెంటు సులువుగా నేలలోకి పోవాలి కనుక ఎర్తు నిరోధం తక్కువగా ఉండాలి. అది నేలను బట్టి ఉంటుంది. నేల గుణాన్ని ఓము-మీటర్లలో చెబుతారు. కొందరు ఓము-సెంటీమీటర్లలో రాస్తారు. 100 ఓము-సెంటీమీటర్లు = 1 ఓము-మీటరు.

సికింద్రాబాద్ బేగంపేట ప్రాంతాన్నే తీసుకోండి. ఆ చుట్టుపక్కలంతా గ్రానైటు నేల. పైన మట్టి, మొరం, కింద రాయి. తడి నల్లరేగడిలో ఓము-మీటర్లు కొద్దిగా ఉంటే, మొరంలో వందల్లోకి, గట్టి రాతిలో వేలల్లోకి పోతాయి. కృష్ణా డెల్టాలో సరిపోయిన ఎర్తు పైపు బేగంపేటలో సరిపోదు.

3 మీటర్ల పైపు దింపితే ఎర్తు నిరోధం సుమారుగా ఓము-మీటర్లలో మూడో వంతు ఉంటుంది. నేల 300 ఓము-మీటర్లయితే ఎర్తు సుమారు 100 ఓములు. ఈ 300ని ఓము-సెంటీమీటర్లనుకున్నవారికి 3 ఓము-మీటర్లని, ఎర్తు 1 ఓమేనని లెక్క వస్తుంది. ఫలితం చూడండి. ట్రాన్స్‌ఫార్మరు వైపు ఎర్తును లెక్కలోకి తీసుకోకపోతే:

1 ఓము ఎర్తులో – 230 ఆంపియర్లు. ఫ్యూజు వెంటనే పోతుంది.
10 ఓముల ఎర్తులో – 23 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే పోతుందని నమ్మలేము.
100 ఓముల ఎర్తులో – 2.3 ఆంపియర్లు. ఫ్యూజు పోదు, కూలరు ఒంటి మీద షాకు నిలిచే ఉంటుంది.

రాతి నేలల్లోని సంఘాలు రెండు, మూడు పైపులు దింపి, పైపుకు పైపుకు మధ్య కనీసం పైపు పొడవంత దూరం ఉంచి కలపాలి. బొగ్గు, ఉప్పు వేసి గొయ్యిని తడిపి ఉంచాలి. వీటితో పాటు 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే లీకేజి బ్రేకరు తప్పనిసరి. 30 మిల్లీ ఆంపియర్లంటే 0.03 ఆంపియరు. 100 ఓముల ఎర్తులో కూడా కూలరు ఒంటి మీద 3 వోల్టులు చేరేసరికే అది లైను తెంచుతుంది.

బేగంపేటలో వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది. ఆ రోజుల్లో కొలిస్తే నేల తడి వల్ల అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలిచినదే నమ్మదగిన అంకె.

5. పశువులు, పాలు

మనిషి ఒంటి నిరోధాన్ని లెక్కలకు 1000 ఓములుగానూ, ఆవుది 500 ఓములుగానూ తీసుకుంటారు. నీళ్ళతొట్టిలో 2 వోల్టులు తేలితే ఆవు ఒంట్లో 4 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. చెప్పులు వేసుకున్న మనిషికి ఏమీ తెలియదు. పశువు నీళ్ళు తాగడానికి జంకినా, ఉన్నట్టుండి చేపకపోయినా మేతను తప్పుపట్టే ముందు ఎర్తును పరీక్షించండి.

పాలకూ నిరోధం ఉంటుంది. దాన్ని తిరగేసి, సెంటీమీటరుకు ఇన్ని మిల్లీ సీమెన్సులని చెబుతారు. మంచి ఆవు పాలలో అది సుమారు 4 నుంచి 5.5 వరకు ఉంటుంది. 5 మిల్లీ సీమెన్సులంటే 0.005 సీమెన్సు. 1ని దీనితో భాగిస్తే 200 ఓము-సెంటీమీటర్లు, అంటే 2 ఓము-మీటర్లు. పొదుగువాపు వస్తే పాలలో ఉప్పు లవణాలు పెరిగి సీమెన్సులు పెరుగుతాయి, ఓములు తగ్గుతాయి. ఇది అనుమానానికి ఆధారమే గాని తుది తీర్పు కాదు. పశువైద్యునికి చూపించాలి.

అభ్యాసం

(1) మోటారు ఇన్సులేషన్ 0.25 మెగా ఓము. కిలో ఓములెన్ని? మోటారు నడపవచ్చా?
(2) నేల 4500 ఓము-సెంటీమీటర్లు. 3 మీటర్ల పైపు ఎర్తు సుమారు ఎంత?

జవాబులు: (1) 250 కిలో ఓములు. 1 మెగా ఓముకు తక్కువ కనుక నడపరాదు, బాగుచేయించాలి. (2) 45 ఓము-మీటర్లు, కనుక సుమారు 15 ఓములు.

కార్యదర్శులకు మా విజ్ఞప్తి: సంఘం పుస్తకంలో తేదీ, అంకె, దాని పక్కన కొలత పేరు – మూడూ రాయించనిదే ఎలక్ట్రీషియను బిల్లు మీద సంతకం చేయకండి.