ఎంటెక్‌కు ముందు బీటెక్‌ను మళ్లీ చదవండి

వర్చువల్ అడ్రస్ 32 బిట్లు. ఒక్కో పేజీ 4 కిలోబైట్లు. పేజీ టేబుల్‌లో ఒక్కో ఎంట్రీకి 4 బైట్లు. మొత్తం టేబుల్‌కు ఎంత మెమరీ కావాలి?

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాసైన ప్రతి బీటెక్ విద్యార్థీ చదివిన పాఠమే ఇది. 'పేజింగ్‌ను పటం సహాయంతో వివరించుము' అంటే రెండు పేజీలు గబగబా రాసేస్తారు. లెక్క కట్టమంటే మాత్రం చాలామందికి పెన్ను కదలదు. పేజీ లోపలి చోటు చెప్పడానికి 12 బిట్లు పోతాయి. మిగిలిన 20 బిట్లతో 10,48,576 పేజీలు. ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున 4 మెగాబైట్లు. గేట్‌లో ఇలాంటి ప్రశ్నల్లో కొన్నింటికి ఆప్షన్లు కూడా ఉండవు, అంకె మనమే టైప్ చేయాలి.

ఐటీలో పీజీ చేయాలా వద్దా అని అడిగేవారి చేతిలో మొదట ఈ లెక్కే పెట్టాలంటాను. రాకపోతే సిగ్గుపడే పనేమీ లేదు. కానీ ఏదో ఒక ఎంటెక్‌లో వెంటనే చేరిపోకూడదని మాత్రం అర్థం. క్యాంపస్ ఉద్యోగం రాలేదు, ఊరికే ఇంట్లో కూర్చుంటే బంధువులు అడుగుతారు, కాబట్టి ఎంటెక్ అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. రెండేళ్ల తర్వాత వాళ్లు మళ్లీ అదే చోట నిలబడతారు. ఎందుకంటే బీటెక్‌లో అర్థం కానివి ఎంటెక్‌లో ఎవరూ మొదటి నుంచి చెప్పరు. అడ్వాన్స్‌డ్ ఆల్గరిథమ్స్ క్లాసుకు వచ్చే మాస్టారు, మామూలు ఆల్గరిథమ్స్ మీకు వచ్చనే నమ్మకంతోనే పాఠం మొదలుపెడతారు.

గేట్‌ను నేను ప్రవేశపరీక్షగా కంటే మరమ్మతుగా చూస్తాను. 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్ నుంచి కంపైలర్లు, డేటాబేస్, నెట్‌వర్క్‌ల వరకు నాలుగేళ్ల చదువంతా ఉంటుంది. ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టి గట్టెక్కే వీలు ఇందులో లేదు. ఏడాది నిజంగా చదివితే సీటు వచ్చినా రాకపోయినా ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆ తేడా తెలుస్తుంది. మూడో ఏడాది విద్యార్థులు కూడా రాయొచ్చు. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ ఉంది. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా మీద ఇష్టం ఉన్నవారు దాన్నీ చూడాలి.

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. గేట్ అర్హతతో ఏఐసీటీఈ గుర్తింపున్న కళాశాలలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. గేట్ లేకుండా పీజీఈసెట్ ర్యాంకుతో చేరినవారికి అది రాదు. మధ్యతరగతి ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

దరఖాస్తుల దగ్గర ఏటా జరిగే ఒక పొరపాటు చెప్పాలి. ఐఐటీల ఆఫర్లన్నీ సీఓఏపీ అనే ఒకే పోర్టల్‌లో కనిపిస్తాయి గనుక అందులో నమోదైతే చాలనుకుంటారు. చాలదు. ఏ ఐఐటీ కావాలో ఆ ఐఐటీకి విడిగా దరఖాస్తు చేసి ఉండాలి. ఎన్‌ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగ్ వేరు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి పీజీఈఈ అనే సొంత పరీక్ష ఉంది. ఫలితాలు వచ్చాక చూద్దామని కూర్చుంటే కొన్ని గడువులు దాటిపోతాయి.

ఇక అసలు విషయం. ఎంటెక్ విలువ సిలబస్‌లో కంటే ఎక్కువగా థీసిస్‌లో, దాన్ని చేయించే గైడ్‌లో ఉంటుంది. మొదటి ఏడాది క్లాసులు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. రెండో ఏడాది మీరు ఏ ల్యాబ్‌లో కూర్చుంటారు, ఎవరి పక్కన కూర్చుంటారన్నదే మిమ్మల్ని మారుస్తుంది. అందుకే చేరేముందు ఆ విభాగం వెబ్‌సైట్ తెరిచి, అధ్యాపకులు గత రెండు మూడేళ్లలో ఏం ప్రచురించారో చూడండి. అక్కడ చదువుతున్న సీనియర్‌కు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: 'గైడ్ వారానికి ఎంతసేపు మాట్లాడతారు? థీసిస్ మీరే చేశారా, కొన్నారా?' రెండో ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. ప్రాజెక్టులు డబ్బుకు దొరుకుతాయని మనందరికీ తెలుసు. కొన్న ప్రాజెక్టుతో వచ్చిన పట్టా మీద ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే మాట తడబడుతుంది.

పరిశోధన నిజంగా ఇష్టమైతే ఎంఎస్ బై రీసెర్చ్ గురించి తెలుసుకోండి. ఐఐటీ మద్రాస్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీల్లో ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా మూడేళ్ల ఎంటెక్ ఉంది. ఏడాది ఎక్కువ పడుతుందని చాలామంది వెనక్కి తగ్గుతారు. నా లెక్కలో ఆ ఏడాది వృథా కాదు.

బీఎస్సీ, బీసీఏ వాళ్ల దారి ఎంసీఏ. ఇప్పుడది రెండేళ్లే. ఐసెట్‌తో ఆగిపోకుండా నిమ్‌సెట్ కూడా రాయండి, వరంగల్ ఎన్‌ఐటీ ఎంసీఏకు అదే ద్వారం. 120 ప్రశ్నల్లో 50 మ్యాథ్స్ కాబట్టి ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు పారేయకండి.

అమెరికాలో ఎంఎస్ గురించి ఒక్క హెచ్చరిక. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు చిక్కుకున్నవారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అక్కడి ప్రభుత్వ అధికారులే పెట్టిన బోగస్ విశ్వవిద్యాలయం బయటపడ్డప్పుడూ మనవాళ్లే పట్టుబడ్డారు. క్లాసులు లేకుండానే పని చేసుకోవచ్చని చెప్పే చోటికి దయచేసి వెళ్లకండి. ఇంటి మీద అప్పు తెచ్చే ముందు తల్లిదండ్రులూ ఆ విశ్వవిద్యాలయం గురించి కన్సల్టెన్సీని కాకుండా అక్కడ చదివినవారిని అడగాలి.

గేట్ పాత ప్రశ్నపత్రాలు అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ ఆదివారం ఒకటి తీసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, 3 గంటలు కూర్చోండి. ఎన్ని మార్కులు వచ్చాయన్నది అలా ఉంచి, తప్పు పోయిన ప్రశ్నలు ఏయే సబ్జెక్టులవో ఒక కాగితం మీద రాసుకోండి. సోమవారం పొద్దున ఆ జాబితాలో మొదటి సబ్జెక్టు పుస్తకం తెరవండి.