రుచిని వెలివేయని పథ్యం

పథ్యం అనగానే మనకు చప్పిడి కూడు గుర్తొస్తుంది. డాక్టరు డైటీషియన్‌ను కలవమంటే సగం మంది శిక్ష వేయించుకోబోతున్నట్టే బయల్దేరతారు. నోరు కట్టేసుకోవడమే ఆరోగ్యమన్న ఈ నమ్మకాన్ని మార్చడానికి కొందరు డైటీషియన్లు పడే తపన చూస్తే నాకు వాళ్లమీద ఎంతో గౌరవం కలుగుతుంది.

మా పెదనాన్నకు షుగర్ బయటపడినప్పుడు ఆయన వెంట డైటీషియన్ దగ్గరికి నేనూ వెళ్లాను. “ఇక అన్నం మానేయాలా అమ్మా?” అన్నారు దిగులుగా. “మానక్కర్లేదు బాబాయ్‌గారూ. రోజూ ఎలా తింటారో చెప్పండి” అందామె. ముందు పచ్చడి, నెయ్యితో నాలుగు ముద్దలు, తర్వాత పప్పు, కాస్త కూర, ఆఖర్న పెరుగన్నం. అన్నం గుట్టంత, కూర చెంచాడంత. ఆమె ఏదీ తీసేయలేదు, వరస మార్చిందంతే. బీరకాయో దొండకాయో గిన్నెడు కూర ముందు ఉత్తదే తిని, ఆ తర్వాతే అన్నం పెట్టించుకోమంది. కూరలోని పీచు ముందుగా కడుపులో పడితే అన్నం నిదానంగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. అన్నం కూడా దానంతటదే తగ్గుతుంది. పెదనాన్న కాస్త తేరుకుని గుత్తివంకాయ సంగతి అడిగారు. వంకాయల్ని ముందు ఆవిరి మీద మెత్తబరిచి, ఆ తర్వాత కారం కూరి కొద్ది నూనెలో మగ్గించమని ఓపిగ్గా చెప్పింది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. ఆ అంకె మన వంటింట్లోకి రావాలంటే మాత్రం ఎవరో ఒకరు విడమర్చాలి: ఒక చిన్న టీ చెంచాడు ఉప్పు, అందులోనే ఆవకాయ, అప్పడం, సాయంత్రం మిక్చరు కూడా లెక్క. శాస్త్రాన్ని ఇలా పోపులపెట్టె దాకా తీసుకురావడమే అసలైన నేర్పు.

తోటకూర పప్పునే తీసుకోండి. పొయ్యి మీద ఉడుకుతుండగా కాకుండా, దించాక నిమ్మకాయ పిండితే సి విటమిన్ వేడికి ఎక్కువగా పోకుండా నిలుస్తుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి అది సాయపడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది, గంటసేపు ఆగాలి. పప్పు మునుపటికంటే రుచిగానూ ఉంటుంది. ఇలాంటి మార్పుకు పట్టుదలతో పనిలేదు, నాలుకే గుర్తుచేస్తుంది.

పట్టుదల ఒక్కదాన్నే నమ్ముకున్న అలవాటు ఆఫీసులో తల వేడెక్కిన రోజే తప్పిపోతుంది. ఆకలితో ఇంటికొచ్చినవారి చేతికి ఏది ముందు అందితే అదే నోట్లోకి పోతుంది. రాత్రే శనగలు నానబోసి ఉంటే మర్నాడు సాయంత్రం ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి గుగ్గిళ్లు తాలింపు పెట్టడం ఎంతసేపు? కోసిన జామకాయ ముక్కలు ఎదురుగా ఉంటే పిల్లలు అడక్కుండానే తీసుకుంటారు. మనల్ని మనం తిట్టుకుంటూ మారడం కంటే, మంచిని చేతికి అందేంత దగ్గర పెట్టుకోవడం నయమని నా గట్టి నమ్మకం.

ఈ ప్రయత్నం ఇంట్లో ఒక్కరి కోసమే జరగడం మాత్రం నాకు నచ్చదు. అందరికీ కొలిచి వండిన ఇల్లాలు చివర్లో గిన్నె అడుగున మిగిలిన కూరతో, చల్లారిన అన్నంతో సరిపెట్టుకుంటుంది. రక్తహీనత మన దేశంలో మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువని తెలిసీ ఆ పద్ధతిని మనం చూస్తూ ఊరుకుంటున్నాం. పొయ్యి మీంచి దించగానే కూరను అన్ని కంచాల్లోకీ సమానంగా వడ్డించండి, వండినవారి కంచంతో సహా. ఆమె వచ్చి కూర్చున్నాకే మొదటి ముద్ద కలపండి.