ఆమె చుట్టిన కండెలు

సమస్య

అమ్మా, నాకు యాభై నాలుగేండ్లు. నారాయణపేటల ఉంటం. చిన్నప్పటి సంది మగ్గమే బతుకు. సేటు పట్టు ఇస్తడు, నేను నేసిస్త, మజూరి తీసుకుంట. మా ఇంటామె ఉగాదికి ముంగట పోయింది. ఆమెకు నలభై ఎనిమిది. పొద్దుగాల చాయ్ తాగి రాట్నం కాడ కూసున్న మనిషి కూసున్నట్టే ఒరిగిపోయింది. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయిందన్నరు. ముప్పై ఏండ్ల కాపురం.

మగ్గం మీద పడుగు అట్లనే ఉంది. ఎనిమిది చీరల పడుగు. మూడు నేసిన, ఐదు మిగిలినయ్. ఆమె చుట్టిపెట్టిన కండెలు గంపల ఉన్నయ్, ఒక్క చీరకు సరిపోతయ్. రోజూ మగ్గం గుంటల దిగి కూసుంట. నాడెల కండె పెడదామని చెయ్యి చాపుత, మళ్ల గుంజుకుంట. అవి కూడ అయిపోతే ఆమె చేతి పని ఇంట్ల ఇంక లేనట్టే కదా! పక్కింటామె తను చుట్టిస్తనన్నది, నేనే వద్దన్న. సేటు ఇన్నొద్దులు ఏమనలే. మొన్న మాత్రం ‘దసరా వస్తున్నది, పడుగు సంగతేంది’ అని అడిగిండు. ఆయన దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంక తీరలే.

హైదరాబాదుల ఉన్న కొడుకు ‘మగ్గం అమ్మేయ్ నాయినా, ఇక్కడికి రా, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ పని చూస్త’ అంటడు. బిడ్డ అత్తగారింటి నుంచి రోజూ ఫోన్ చేసి ఏడుస్తది. నాకు ఏడుపు వస్తలేదు. రాత్రి నిద్ర కూడ వస్తలేదు. ‘మొగోనివి, ఎన్నొద్దులు ఇట్ల కూసుంటవ్’ అంటరు నలుగురు. మగ్గం అమ్మాల్నా, ఉంచాల్నా?

– ఒక నేతన్న, నారాయణపేట

సలహా

అన్నా, మీరు అడిగింది మగ్గం గురించి. ఉత్తరంలో ఎక్కువ రాసింది మాత్రం కండెల గురించి. కాబట్టి ముందు వాటి దగ్గరికే వస్తాను.

మీకు భార్య పోయింది, పనిలో జోడీ కూడా పోయింది. బయట కొలువు చేసే మనిషికి ఇంట్లో ఎంత దుఃఖం ఉన్నా గడప దాటితే కొన్ని గంటలు వేరే లోకం ఉంటుంది. మీకు అది లేదు. ఆమె కూర్చున్న చోటు మీ గుంటలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఆమె రాట్నం తిరిగితేనే మీ నాడె ఆడింది. అలాంటప్పుడు చెయ్యి వెనక్కి రావడంలో మగతనం తక్కువైనదేమీ లేదు. అలా అన్నవాళ్లలో భార్య పోయాక అదే గదిలో, అదే పనికి కూర్చున్నవాళ్లు ఎందరున్నారో అడగండి.

మజూరి మీ పేరున వచ్చింది, పని మాత్రం ఇద్దరిది. 2019-20 జాతీయ చేనేత గణనలో దేశం మొత్తం మీద నేత, అనుబంధ పనివాళ్లు 35 లక్షల మందికి పైగా తేలారు. అందులో సుమారు 25 లక్షల మంది ఆడవాళ్లే. మీ ఇంట్లోలాగే ఎన్నో ఇళ్లలో కండెలు చుట్టినందుకు వేరే కూలి ఉండదు. పక్కింటామెను పిలవండి, కానీ ఊరికే చుట్టించుకోవద్దు, కూలి కట్టివ్వండి. ఆ డబ్బు చేతిలోంచి పోయేటప్పుడు ఇన్నేళ్లు ఇంటామె చేసిన పని ఎంతటిదో లెక్కకు వస్తుంది. గుండె కలుక్కుమంటుంది. అయినా ఆ లెక్క తెలియడం ఆమెకు దక్కాల్సిన గౌరవం.

ఇక ఆ గంప. ఆ కండెలు ఒక చీరకు సరిపోతాయన్నారు కదా. ఆ చీర నేయండి. పట్టు సేటుది కాబట్టి ముందే ఆయనతో మాట్లాడుకోండి: ఈ ఒక్కటి అమ్మకానికి కాదు, దీని ఖర్చు నా మజూరిలో కోసుకోండి అని. అడ్వాన్సు ఉండగా ఇది మీకు బరువే, నాకు తెలుసు. విడతలుగా కోసుకోమనండి. ఇన్ని నెలలు ఆగిన మనిషి ఈ మాట వింటాడనే అనుకుంటున్నాను. ఆ చీర మీ బిడ్డకివ్వండి. మిగతా నాలుగు చీరలు పక్కింటామె చుట్టిన కండెలతో నడుస్తాయి. ఇప్పుడే చెయ్యి రాకపోతే వరస మార్చండి, ఆ నాలుగు ముందు నేసి ఆమె కండెలు చివరికి ఉంచుకోండి. దసరాకు నాలుగూ కావని సేటుకు ఇప్పుడే చెప్పేయండి. రోజూ ఎదురుచూపులు పెట్టడం కన్నా అది ఇద్దరికీ మేలు.

నేస్తూ మధ్యలో ఆగిపోతారు. ఆగిపోండి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు 1999లో దీని గురించి రాశారు. ఆత్మీయులు పోయిన మనిషి కాసేపు దుఃఖంలో మునుగుతాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ దుఃఖంలోకి వెళ్తాడు. ఇలా అటూ ఇటూ తిరగడమే తేరుకునే తీరు అని వాళ్లన్నారు. మీరు నాలుగు వేళ్ల మేర నేసి లేచి బయటికి వెళ్లినా పని జరిగినట్టే.

మగ్గం మాత్రం ఇప్పుడు అమ్మవద్దు. ఏడాది మాసికం దాటేదాకా ఆ మాటే ఎత్తవద్దని నా గట్టి అభిప్రాయం. గుంట పూడ్చి, కొయ్య అమ్మేశాక మళ్లీ పెట్టుకోవడం తేలిక కాదు. మన రాష్ట్రంలో చేనేత పథకాలు జియో ట్యాగ్ ఉన్న మగ్గాన్ని చూసే వస్తాయి, అదీ పోతుంది. హైదరాబాదుకు వెళ్లండి, పదిహేను రోజులు కొడుకు దగ్గర ఉండి రండి. చుట్టంగా వెళ్లండి, వాచ్‌మెన్‌గా కాదు.

ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. అతనికీ అమ్మ పోయింది. నాన్న ఒంటరిగా ఉన్నాడు, ఏ రాత్రి ఏ ఫోన్ వస్తుందోనన్న భయంతో తొందరపడుతున్నాడు. చాలా ఇళ్లలో తండ్రీకొడుకుల మధ్య మాట అమ్మ నోటి మీదుగానే నడుస్తుంది. మీ ఇంట్లోనూ అంతే అయితే, ఇప్పుడు మీరే ఫోన్ చేయాలి. నాకు రాసినదంతా అతనికి చెప్పండి.

ఇక అడ్వాన్సు సంగతి. 2022 ఆగస్టు 7న మన రాష్ట్రంలో నేతన్న బీమా మొదలైంది. చనిపోయిన కార్మికుల నామినీకి 5 లక్షల రూపాయలు ఇచ్చే పథకం. మగ్గం నేసేవాళ్లతో పాటు అనుబంధ కార్మికులకూ వర్తిస్తుంది. మీ ఇంటామె పేరు అందులో నమోదై ఉందేమో మరణ ధ్రువపత్రం, ఆధార్ తీసుకుని జిల్లా చేనేత, జౌళి శాఖ ఆఫీసులో అడగండి. ఉంటే మీ అడ్వాన్సు తీరుతుంది. ఆమె పేరు లేకపోతే, కనీసం పక్కింటామెనైనా తన పేరు రాయించుకోమని చెప్పండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆరు నెలలు దాటింది. ఈ వారమే జిల్లా దవాఖానకు వెళ్లి డాక్టరుకు చెప్పండి. రాత్రిపూట గుబులుగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు. ఇంకెందుకీ బతుకు అనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. ఆ క్షణమే ఆ నంబరుకు చేసి, పక్కింటివాళ్లనూ లేపండి.