మేనల్లుడికి: ముందు చట్రం, తర్వాతే స్పిండిల్

కోవిల్‌పట్టి



నీ ఉత్తరం, దాంతో పంపిన బొమ్మ చూశాను. చేతిలో నలభై వేలున్నాయి, ఎనిమిదడుగులకి నాలుగడుగుల ప్లైవుడ్ షీటు మొత్తం పరుచుకునేంత సీఎన్‌సీ రూటర్ ఇంట్లోనే చేసుకుంటాను, ఏ స్పిండిల్ కొనమంటావు అని రాశావు. స్పిండిల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బల్ల సైజు తగ్గించు.

ఎందుకంటే, గ్యాంట్రీ దూలం రెండు చివరలా ఆనుకుని నడుమ బరువు మోస్తుంది. దాని పొడవు రెండింతలు చేస్తే, అదే బరువుకి వంగేది రెండింతలు కాదు, ఎనిమిదింతలు. రెండడుగుల వెడల్పులో చక్కగా నిలిచిన అల్యూమినియం సెక్షన్ నాలుగడుగులకి సాగదీస్తే బిట్టు కర్రలో దిగగానే వణుకుతుంది. వణికిన చోట అంచు పళ్లుపళ్లుగా లేస్తుంది, సన్నబిట్టయితే విరిగి ఎగురుతుంది. నువ్వు చెయ్యాలనుకునేవి పేరుబోర్డులు, తలుపు చెక్కల మీద పువ్వులు, చిన్న అచ్చులు. వాటికి 600 మిల్లీమీటర్లకి 400 ఉంటే చాలు. పొడుగు చెక్క వచ్చిందా, ముందుకి జరుపుకుంటూ రెండు మూడు విడతల్లో చెక్కుకోవచ్చు. దూలానికి 40కి 40 సెక్షన్ వద్దు, 40కి 80 తీసుకుని నిలువుగా పెట్టు. ఖర్చు కాస్తే పెరుగుతుంది, వంగడం బాగా తగ్గుతుంది.

డబ్బులో సగం చట్రానికీ, పట్టాలకీ, బాల్‌స్క్రూలకీ పోవాలి. మోటార్లు, డ్రైవర్లు, కంట్రోలరు రేపు మార్చుకోవచ్చు. చట్రం మార్చాలంటే మిషనంతా విప్పాలి. అడుగున గుండ్రటి ఎస్‌బీఆర్ 16 పట్టాలతో సరిపెట్టుకో, బిట్టు పైకీ కిందికీ కదిలే జడ్ వైపు మాత్రం చదరపు హెచ్‌జీఆర్ 15 వెయ్యి, ఎందుకంటే స్పిండిల్ ఊగేదీ ఆగేదీ అక్కడే. శివకాశి పాత ఇనుము కొట్లలో ప్రింటింగ్ మిషన్ల షాఫ్టులు దొరుకుతాయని రాశావు. తప్పేం లేదు. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు లోకానికి చూపించిన అంకెలతో నడిచే మొదటి మిషన్ కూడా కొత్తగా పోతపోసింది కాదు, ఉన్న మిల్లింగ్ మిషన్‌కే మోటార్లు, పంచి టేపు తగిలించారు. అయితే పాత షాఫ్టు నడుమ అరిగి ఉంటుంది. కొట్లోనే మైక్రోమీటరుతో రెండు కొసలా, నడుమా కొలువు. తర్వాత అద్దం పలక మీద దొర్లించి, కింద వెలుతురు ఎక్కడ కనబడుతుందో చూడు. కనబడిందా, కిలో ఎంత చవకైనా వదిలేసి రా.

మన ఊళ్లో అగ్గిపుల్లల చట్రాలు నింపే ఆడవాళ్లని నువ్వు చిన్నప్పటి నుంచీ చూశావు. ఒక్క పట్టీ వంకరగా కూర్చున్నా మందులో ముంచినప్పుడు తలలన్నీ ఒక్క తీరుగా రావు, ముంచేవాడు ఎంత పనిమంతుడైనా సరే. నీ మిషనూ అంతే. బోల్టులు ముందే బిగించెయ్యకు. ఒక కర్ణం కొలువు, రెండోది కొలువు, రెండూ సమానమయ్యేదాకా సుతారంగా తట్టు, అప్పుడు బిగించు. బిగించాక మళ్లీ కొలువు, బిగింపులోనే జరుగుతుంది. చట్రం వెల్డింగ్ చేయించకు. వేడికి ఇనుము లాగుతుంది, దాన్ని మళ్లీ చదును చేయించడానికి డబ్బు కావాలి. బోల్టు చట్రమైతే నీ చేతిలో ఉంటుంది.

ఇక లెక్క. 1605 బాల్‌స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. స్టెప్పర్ మోటారు చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్‌లో ఒక్కో అడుగుని 8 ముక్కలు చేస్తే 1600, దాన్ని 5తో భాగిస్తే మిల్లీమీటరుకి 320. కంట్రోలరులో నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాంలో ఆ అంకె పెట్టు. పెట్టాక ఒకే దిక్కున నడిపి, వెనక్కి తిప్పి, డయల్ గేజితో చూడు. 100 మిల్లీమీటర్లకి 0.2 తగ్గి, 300కి కూడా అదే 0.2 తగ్గితే అది ప్లే, అంటే భాగాల నడుమ వదులు. నట్టులోనో, బేరింగులోనో, కప్లింగులోనో వెతుకు. 300కి 0.6 తగ్గితే అంకె తప్పు. ప్లే ఉన్న మిషన్‌కి అంకె మార్చి సర్దేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల మిషన్ ఒక కొలతకి సరిగ్గా నడుస్తుంది, మిగతా అన్నిటికీ తప్పుతుంది. నువ్వా దారిన పోవద్దు, అల్లుడూ.

స్పిండిల్‌కి ప్రస్తుతం చేతిలో పట్టుకుని వాడే ట్రిమ్మరు రూటరు చాలు. నిమిషానికి 18,000 చుట్లు, రెండు పళ్ల బిట్టు, 1500 మిల్లీమీటర్ల నడక అంటే ఒక్కో పన్ను 0.04 మిల్లీమీటర్ల పొర తీస్తుంది. భయపడి నడక తగ్గిస్తే బిట్టు కొయ్యడం మానేసి రుద్దుతుంది, కర్ర నల్లబడుతుంది, నిప్పురవ్వ పొట్టులోకి చేరుతుంది. పొట్టు సంచిలో పడ్డ నిప్పు పైకి కనబడకుండా గంటల తరబడి రగులుతుంది. పని ముగిశాక సంచి ఇంట్లో ఉంచకు, వాకిట్లో పెట్టు.

రేపు వీఎఫ్‌డీ, అంటే వేగం మార్చే డ్రైవుతో నడిచే స్పిండిల్ కొన్నా ఎర్తింగ్ లేకుండా స్విచ్చి వెయ్యకు. ఆఫ్ చేశాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మూత తీసేముందు కాసేపు ఆగు. ఎర్ర బటను నొక్కితే మోటార్లే కాదు, స్పిండిల్ కరెంటు కూడా తెగాలి. లుంగీ కట్టుకుని మిషన్ దగ్గర నిలబడొద్దు. చేతికి గ్లౌజు వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. ఎండీఎఫ్ కోసేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకో, ఆ పొడి మామూలు రంపపు పొట్టు కాదు.

ఇంజినీరింగ్ చదవలేదని ఉత్తరం చివర దిగులుపడ్డావు. మన తెలుగువాడే జి.డి. నాయుడు, 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, విప్పి చూసి నేర్చుకున్నాడు. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి మోటారే తయారు చేశాడు. మన కోవిల్‌పట్టికీ శివకాశికీ నడుమ సాత్తూరులో చిన్న షెడ్లలో పెన్ను పాళీలు చేసేవాళ్లు, ఆ సన్న చీలిక తీసిన చేతులు ఏ కాలేజీకి పోయాయి? నీకు కావలసింది కొలిచే ఓపిక, అది నీకుంది. అందుకే ఇంత రాస్తున్నాను.

పట్టాలు ఇప్పుడే ఆర్డరు పెట్టకు. కొత్త సైజుతో బొమ్మ గీసి, దూలం పొడవు, జడ్ ప్లేటు మందం రాసి పంపు. డయల్ గేజి కొనొద్దు, నాది ఉంది. ఆదివారం వచ్చినప్పుడు పట్టుకుపో, మూలమట్టం కూడా ఇస్తాను. అక్కకి నా నమస్కారాలు చెప్పు.

మీ మామ