టైమింగ్ ముట్టే ముందు లోడ్ అడగండి

రామగిరి మండలం సెంటినరీ కాలనీలో షాపు పెట్టుకున్నా, ఐటీఐ చేసి గోదావరిఖనిలో పనికి కుదిరినా, బైక్ మెకానిక్‌కు తరచూ వినబడే మాట ఒకటుంది: "తమ్మీ, బండి గుంజుతలేదు." వినగానే మాగ్నెట్ కవర్ విప్పొద్దు. ముందు అడగండి: "ఖాళీగున్నప్పుడా కాకా, లోడ్ మీదనా?" ఏ దిక్కున వెతకాలో ఆ జవాబు చెబుతుంది.

ఎందుకంటే...

పిస్టన్ టాప్‌కు చేరకముందే ప్లగ్ స్పార్క్ ఇవ్వాలి. మంట పరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది మరి. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు జరగాలి. అదే అడ్వాన్స్.

లోడ్ సంగతి దీనికి ఎదురు. సాఫీ రోడ్డు మీద యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పి పోతుంటే సిలిండర్‌లో మిశ్రమం పల్చగా ఉండి నిదానంగా మండుతుంది. దానికి అడ్వాన్స్ ఎక్కువ కావాలి. ఇద్దరెక్కి, బియ్యం బస్తా పెట్టుకుని, ఫుల్ యాక్సిలరేటర్‌తో ఎత్తు ఎక్కుతుంటే మిశ్రమం నిండుగా చేరి తొందరగా మండుతుంది. అదే ఆర్‌పీఎం దగ్గర ఇప్పుడు అడ్వాన్స్ తగ్గాలి. తగ్గకపోతే డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు నాకింగ్ మొదలవుతుంది. ఆ చప్పుడును అట్లాగే వదిలేస్తే పిస్టన్ దెబ్బతింటుంది.

బండిని బట్టి పని

పాయింట్లున్న పాత బుల్లెట్‌లో అడ్వాన్స్‌ను బరువులు నడుపుతాయి. వాటికి వేగమే తెలుసు, లోడ్ తెలియదు. ముందు ఫీలర్ గేజ్‌తో పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉంచి, ఆ తర్వాతే టైమింగ్ కట్టండి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరుస తప్పొద్దు. "పికప్ కోసం కొంచెం ముందుకు జరుపు" అని కస్టమర్ అడిగినా ఒప్పుకోవద్దు. ఖాళీ బండి మీద బాగున్నట్టే ఉంటుంది, లోడ్ పడితే కొడుతుంది.

పాయింట్లకు బదులు సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో చాలావాటికి టైమింగ్ తిప్పే ఏర్పాటే ఉండదు. ఐడ్లింగ్‌లో టైమింగ్ లైట్ వేస్తే మాగ్నెట్ మీది ‘ఎఫ్’ గుర్తు గాటుకు ఎదురుగా నిలవాలి. అయితే ఇక్కడొక మోసం ఉంది. మాగ్నెట్ కీ తెగి మాగ్నెట్ పక్కకు జరిగితే గుర్తు కూడా దాంతోపాటే జరుగుతుంది. లైట్ కింద అంతా సరిగ్గానే కనబడుతుంది. అనుమానం వస్తే ప్లగ్ తీసి, పిస్టన్‌ను చేత్తో టాప్‌కు తెచ్చి, ‘టి’ గుర్తు గాటుకు కలిసిందో లేదో చూడండి.

బజాజ్ కార్బ్యురేటర్ మోడళ్లు కొన్నింట్లో ట్రిక్స్ అనే ఏర్పాటు ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో అది సీడీఐకి చెబుతుంది. కార్బ్యురేటర్ కడిగినప్పుడు దాని కనెక్టర్ పెట్టడం మరిస్తే సీడీఐకి లోడ్ కబురు అందదు. మీటర్ పట్టేముందు ఆ వైరు చూడండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక ఇంజెక్షన్ బండ్లు మామూలయ్యాయి. వాటిలో సెన్సర్లు చెప్పినదాన్ని బట్టి ఈసీయూ అనే కంప్యూటర్ లోడ్‌ను లెక్కగట్టి టైమింగ్ తానే మారుస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పని లేదు, స్కానర్ చదవడం రావాలి. ఇప్పుడు మెకానిక్ పనిలో నిలదొక్కుకోవాలనుకునే కుర్రాళ్లు మల్టీమీటర్, స్కానర్ రెండూ నేర్చుకోవాల్సిందే.

టైమింగ్ కంటే ముందు

లోడ్ మీదనే గుంజడం లేదంటే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. ఓపెన్‌కాస్ట్ గనుల రోడ్ల మీద తిరిగే బండికి బొగ్గు దుమ్ము, మట్టి దుమ్ము తొందరగా పట్టేస్తాయి. తర్వాత క్లచ్ జారుతోందా, బ్రేక్ పట్టేస్తోందా, చైన్ బిగుసుకుందా, టైర్లలో గాలి ఉందా చూడండి. చప్పుడు వస్తోందంటే మాత్రం హెడ్‌లో కార్బన్ పేరుకుందా, ఇంజిన్ మరీ వేడెక్కుతోందా, పెట్రోలు కల్తీదా అన్నది తేల్చండి.

షిఫ్ట్‌కు ఆలస్యమైందని టాప్ గేర్‌లోనే ఎత్తు ఎక్కించేవాళ్లకు ఒక గేర్ తగ్గించమని చెప్పండి. చాలా చప్పుళ్లు దాంతోనే పోతాయి.

పని అయ్యాక ట్రయల్‌కు ఒక్కరే పోవద్దు. కస్టమర్‌ను వెనక ఎక్కించుకుని, కాస్త ఎత్తున్న దారిలో థర్డ్ గేర్‌లో తీసుకుపోండి. లోడ్ మీద వచ్చిన ఫిర్యాదు తీరిందా లేదా అన్నది లోడ్ మీదనే తేలాలి.